నెల రోజుల మజిలీ

రోజుకో గంట... ముప్ఫై ఒక్క రోజులు. చంద్రమండలం నుంచి పాతాళం దాకా, గడిచిపోయిన కాలం నుంచి ఇంకా రాని కాలం దాకా తిరిగి రావచ్చు. టికెట్టు అక్కర్లేదు. చిన్నపాటి ప్రణాళిక ఉంటే చాలు!

కాశీకి వెళ్లాలి. ఓపిక ఉంది. దారి ఎలాగోలా అడిగి తెలుసుకోవచ్చు. తోడే దొరకలేదు!

మణిసిద్ధుడనే యతికి వచ్చిన కష్టమిది. నెలల తరబడి నడక మరి, ఎవరొస్తారు? చివరికి పశువులు కాసుకునే ఓ కుర్రాడు సరేనన్నాడు. వాడైనా ఊరికే రాలేదు. దారిలో తనకు ఏ వింత కనిపించినా దాని వెనకున్న కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కణ్నుంచే ఇంటిదారి పడతానని షరతు పెట్టాడు. యతి ఒప్పుకున్నాడు. పగలంతా నడక. మజిలీ చేరి, వంటా భోజనం అయ్యాక కథ. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు మొదలయ్యేది ఇలాగే. పన్నెండు భాగాల ఆ పుస్తకంలో మాంత్రికులూ, గుహలూ, శాపాలూ, మాయమైపోయే రాజకుమార్తెలూ... లేనిదేముంది!

ఓ పిల్లవాణ్ని వందల మైళ్లు నడిపించింది బెత్తం కాదు, 'రేపటి కథేంటి' అన్న ఆరాటం. వేసవి సెలవుల్లో పిల్లల చేత పుస్తకాలు చదివించాలని తాపత్రయపడే అమ్మానాన్నలు పట్టుకోవాల్సిన కిటుకు అదే. ఏటా ఏప్రిల్ ఆఖర్లో పుస్తకాలు కొనడం, మే మొదటివారంలో ఒకటి తెరవడం, నాలుగో రోజుకి అది సోఫా కిందికి చేరడం... చాలా ఇళ్లలో జరిగే తంతే ఇది. తప్పు పిల్లలదీ కాదు, పుస్తకాలదీ కాదు. ఏది ముందు, ఏది తరవాత, ఎన్ని పేజీలు, ఎవరితో కలిసి- ఇవేవీ అనుకోకుండా దిగడమే అసలు చిక్కు.

మే నెలకి 31 రోజులు. ఆ నెల మొత్తాన్నీ సైన్స్ ఫిక్షన్‌కీ, మాయలూ మంత్రాలుండే ఫాంటసీకీ రాసిచ్చేస్తే ఎలా ఉంటుంది?

ముందు లెక్క తేలాలి

పుస్తకాల జాబితాకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పదిహేను నిమిషాలకు అలారం పెట్టుకుని మామూలుగా చదవాలి. పరీక్షకి చదివినట్టు కాదు, ఊరికే కథ చదివినట్టు. అలారం మోగేసరికి ఎన్ని పేజీలయ్యాయో చూసి నాలుగుతో హెచ్చవేస్తే గంటకెన్నో తెలుస్తుంది. తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి ఈ పరీక్ష పెట్టుకోవాలి. రెండిటికీ తేడా చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లలకి తెలుగులో వేగం తగ్గొచ్చు, తాతయ్యలకి ఇంగ్లిషులో తగ్గొచ్చు.

గంటకి నలభై పేజీలు వచ్చాయనుకుందాం. 31 రోజుల్లో అయిదు రోజులు తీసెయ్యాలి. పెళ్లిళ్లుంటాయి, చుట్టాలొస్తారు, ఊరెళ్లాలి, ఐపీఎల్ మ్యాచ్ ఆఖరి ఓవరుదాకా సాగుతుంది. మిగిలిన 26 రోజులకి 1,040 పేజీలు. అదీ మన ఆస్తి. గంటకి ఇరవయ్యే అయితే 520. అదీ తక్కువేం కాదు.

లెక్క తెలిశాక తేలే మొదటి విషయం- లావుపాటి పుస్తకాల జోలికి ఈ నెలలో వెళ్లకూడదని. ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన 'డ్యూన్' గొప్ప నవలే. 1965లో అచ్చు కావడానికి ముందు ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారు. చివరికి వేసిన సంస్థకి కార్ల రిపేరు పుస్తకాలకి పెట్టింది పేరు! అయినా సరే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆరువందల పేజీల పుస్తకం మొదటి మెట్టు కాదు. దాన్ని దసరా సెలవులకి దాచుకోవచ్చు.

రెండో విషయం, నచ్చని పుస్తకాన్ని ఎప్పుడు వదిలెయ్యాలన్నది. అమెరికాలోని సియాటిల్‌కి చెందిన లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ దీనికో సూత్రం చెప్పారు. యాభై పేజీలు చదవండి, అప్పటికీ పట్టుకోకపోతే మూసేయండి అని. యాభై ఏళ్లు దాటినవాళ్లకి ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చారు. వందలోంచి వయసు తీసేయగా మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. అంటే, డెబ్భై ఏళ్ల తాతయ్య ముప్ఫై పేజీలకే తీర్పు చెప్పేయొచ్చు! పిల్లలకి ఈ సూత్రం ముందే చెప్పాలి. వదిలేయడం నేరం కాదని తెలిస్తేనే మొదలుపెట్టడానికి ధైర్యం వస్తుంది.

చిన్నదానితో శ్రీకారం

మొదటి నాలుగు రోజులకీ హెచ్.జి.వెల్స్‌ని మించిన పంతులు లేడు. 1895లో వచ్చిన 'టైమ్ మెషీన్' వంద పేజీలకి కాస్త అటూఇటూ. నాలుగు రోజులు తిరక్కుండానే 'ఓ పుస్తకం పూర్తిచేశా' అన్న గర్వం దక్కుతుంది. మిగతా నెలంతటికీ పెట్టుబడి అదే.

ఇంట్లో పెద్దవాళ్లకి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' చూడని తెలుగువాళ్లు తక్కువే కదా! వెల్స్ నవల స్ఫూర్తితోనే బాలకృష్ణ టైమ్ మెషీనెక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకి వెళ్లాడు. అక్కణ్నుంచి 2504కీ వెళ్లాడు. వెల్స్ కథానాయకుడి ప్రయాణం ఇంకా దూరం. క్రీ.శ. 8,02,701! అక్కడ మనిషి జాతి రెండుగా చీలిపోయి ఉంటుంది. పైన ఎండలో ఆడిపాడే సుకుమారులు, కింద చీకట్లో యంత్రాలు నడిపేవాళ్లు. ఎవరు ఎవర్ని పోషిస్తున్నారు, ఎందుకు పోషిస్తున్నారు అన్నది తెలిసిన క్షణాన ఒళ్లు జలదరిస్తుంది. ఆ పేజీ దగ్గరికి పిల్లలు వచ్చినప్పుడు పక్కనే ఉండి మొహం చూడాలి.

వెల్స్‌దే 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' 1898లో వచ్చింది. మసాచుసెట్స్‌లో రాబర్ట్ గొడార్డ్ అనే కుర్రాడు దాన్ని చదివాడు. 1899 అక్టోబరు 19న కొమ్మలు కొట్టడానికి పెరట్లోని చెర్రీ చెట్టెక్కి, అంగారకుడిదాకా ఎగిరే యంత్రం చేస్తే ఎలా ఉంటుందో కలగంటూ ఉండిపోయాడు. దిగాక పాత గొడార్డ్ కాదు. 1926 మార్చి 16న ప్రపంచంలో మొదటి ద్రవ ఇంధన రాకెట్‌ని ఎగరేసింది ఆయనే. అది గాల్లో ఉన్నది రెండున్నర సెకన్లే, లేచింది 41 అడుగులే. శ్రీహరికోటలో ఇప్పుడు ద్రవ ఇంధనంతో లేచే రాకెట్లకి పెద్దన్న అదే మరి. 'కథల పుస్తకాలు చదివితే ఏమొస్తుంది' అని అడిగే మావయ్యలకి ఈ చెర్రీ చెట్టు గురించి చెప్పొచ్చు.

కెప్టెన్ నెమో మనవాడే!

జూల్స్ వెర్న్ పేరు వినగానే 'ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ' గుర్తొస్తుంది. ఈ నెలకి మాత్రం ఆయన రాసిన వేరే రెండు పుస్తకాలు తీయాలి. అదీ వరస తప్పకుండా.

మొదటిది, 1870లో వచ్చిన 'సముద్రగర్భంలో ఇరవైవేల లీగులు'. ఇరవైవేల లీగులంటే లోతు అనుకుంటారు చాలామంది. కాదు, అది నాటిలస్ జలాంతర్గామి నీళ్లలో తిరిగిన దూరం. వెర్న్ లీగుకి నాలుగు కిలోమీటర్లు. అంటే 80 వేల కిలోమీటర్లు, భూమిని రెండుసార్లు చుట్టినంత! ఆ జలాంతర్గామికి అధిపతి కెప్టెన్ నెమో. ఏ దేశస్తుడో తెలీదు, ఎవరిమీద అంత కసో తెలీదు. పుస్తకం పూర్తయినా ఆ గుట్టు వీడదు.

అది తెలియాలంటే 1875లో వచ్చిన 'మిస్టీరియస్ ఐలండ్' చదవాలి. అందులో తన మరణశయ్య మీద నెమో అసలు పేరు చెబుతాడు. ప్రిన్స్ డక్కర్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, టిప్పు సుల్తాన్ మేనల్లుడు! 1857 తిరుగుబాటులో పోరాడి, కుటుంబాన్ని పోగొట్టుకుని, నేల మీద బతకలేక నీళ్లలోకి వెళ్లిపోయిన భారతీయుడు. నిజానికి వెర్న్ మొదట అనుకున్నది రష్యా మీద పగబట్టిన ఓ పోలండ్ దేశస్తుణ్ని. పుస్తకం అమ్మకాలు దెబ్బతింటాయని ప్రచురణకర్త అడ్డుపడ్డాడు. అలా ఊరూ పేరూ లేకుండా మిగిలిపోయిన పాత్రకి అయిదేళ్ల తరవాత మనదేశం దొరికింది. ఫ్రాన్సులో కూర్చుని ఓ రచయిత మన పోరాటాన్ని తన గొప్ప కథానాయకుడి గుండెల్లో పెట్టాడన్న సంగతి చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. సినిమాల్లో నెమోగా తెల్లదొరల్నే ఎక్కువగా చూపించారు మరి.

రెండూ కలిపితే వెయ్యి పేజీలు. పిల్లలకి భారమే. ఇక్కడే ఇంటిల్లిపాదీ పని పంచుకోవాలి. నెమో బాధ్యత నాన్న తీసుకోవచ్చు, లేదా డిగ్రీ చదివే అక్క. రోజూ రాత్రి భోజనాల దగ్గర అయిదు నిమిషాలు- ఇవాళ నాటిలస్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. డక్కర్ సంగతి మాత్రం ఆ రోజు వచ్చేదాకా నోరు జారకూడదు!

తుపాను... తలనూనె

మనవాళ్లు సైన్స్ ఫిక్షన్ రాయలేదా? ఎందుకు రాయలేదు! రెండో వారం వాళ్లకే ఇవ్వాలి.

1896లో కలకత్తాలో ఓ తలనూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. కథలో తమ 'కుంతలీన్' నూనె ప్రస్తావన రావాలన్నది నిబంధన. ఓ ప్రొఫెసరు కథ పంపాడు. కలకత్తాని ముంచెత్తుతుందనుకున్న భయంకరమైన తుపాను ఉన్నట్టుండి మాయమైపోతుంది. శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటారు. అసలు జరిగిందేమిటంటే, సముద్రంలో ఓడమీద ఉన్న ఒకాయన ఒక సీసాడు తలనూనె అలలమీద కుమ్మరించాడు! నూనె పొర నీటి ఉపరితలాన్ని నెమ్మదింపజేస్తుందన్న శాస్త్ర సూత్రాన్ని పట్టుకుని అల్లిన చమత్కారమది. కథకి బహుమతి వచ్చింది. రాసింది ఎవరో కాదు, జగదీశ్ చంద్ర బోస్. 1921లో దాన్ని పెంచి 'పలాతక్ తుఫాన్' పేరుతో మళ్లీ వేశారు. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉంటూ ఏటా తుపాను హెచ్చరికలు వినేవాళ్లకి ఈ కథ మిగతావాళ్లకన్నా ఓ పిసరు ఎక్కువ నచ్చుతుంది.

1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో 'సుల్తానాస్ డ్రీమ్' అచ్చయింది. రాసినావిడ రొకేయా సఖావత్ హుస్సేన్. బెంగాలీ ముస్లిం ఇల్లాలు. బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు, ఇంట్లో అన్న దగ్గరా అక్క దగ్గరా రహస్యంగా నేర్చుకున్న అక్షరాలే. ఆమె ఊహించిన దేశంలో మగవాళ్లు పరదాల చాటున ఇంట్లో ఉండి వంటా పిల్లల పనీ చూస్తారు. ఆడవాళ్లు రాజ్యమేలుతారు. సూర్యరశ్మితో వంట చేస్తారు, మేఘాల నుంచి నీళ్లు పట్టుకుంటారు, గాల్లో ఎగిరే బండ్లలో తిరుగుతారు. ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలు బిగించుకుంటున్న ఈ రోజుల్లో చదివితే నూట ఇరవై ఏళ్ల కిందటి కథలా అనిపించదు. మొత్తం పదిహేను పేజీలుంటుందేమో! అమ్మ బిగ్గరగా చదివి, నాన్న వినాల్సిన కథ. చదివాక ఆ పూట అంట్లు ఎవరు తోమాలన్నది ఎవరి ఇంటి సంగతి వాళ్లది.

1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పెట్టిన పోటీకి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అనే కొత్త రచయిత 'కృష్ణవివరం' అన్న కథ పంపాడు. మొదటి బహుమతి. ఎవరా అని ఆరా తీస్తే, అప్పటికే కృష్ణ బిలాల గురించి ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిస్తున్న జయంత్ విష్ణు నార్లికర్! తన పేరులోని పొడి అక్షరాల్ని వెనక నుంచి ముందుకి పేర్చి మారుపేరు కట్టుకున్నారాయన. తన పేరు చూసి బహుమతి ఇవ్వకూడదన్నది పట్టుదల. కేంబ్రిడ్జిలో ఆయనకి గురువైన ఫ్రెడ్ హోయల్ కూడా సైన్స్ ఫిక్షన్ రాసినవారే. 2025 మేలో నార్లికర్ కన్నుమూశారు. ఆయన నవల 'ద రిటర్న్ ఆఫ్ వామన్' ఇంగ్లిషులో ఉంది. తవ్వకాల్లో బయటపడిన ఓ పెట్టె, అందులో ఓ పోయిన నాగరికత దాచిపెట్టిన తెలివి, దాన్ని వాడాలా వద్దా అన్న మీమాంస. కృత్రిమమేధ గురించి రోజూ పేపర్లో చదివే పదో తరగతి పిల్లలకి సరిగ్గా సరిపోతుంది.

సత్యజిత్ రాయ్‌ని సినిమాల మనిషిగానే ఎరిగినవాళ్లకి ప్రొఫెసర్ శొంకుని పరిచయం చేయాలి. 1961లో 'సందేశ్' పిల్లల పత్రికలో పుట్టిన ఈ గిరిడీ శాస్త్రవేత్త తన ఇంట్లోనే వింత వింత మందులూ ఆయుధాలూ తయారుచేస్తుంటాడు. పిల్లి పేరు న్యూటన్, పనివాడి పేరు ప్రహ్లాద్. అంగారకుడికి వెళ్లేటప్పుడు ఇద్దర్నీ వెంటబెట్టుకుపోతాడు! ఇంగ్లిషు అనువాదాలున్నాయి. ఎనిమిదో తరగతి దాటినవాళ్లు సులువుగా చదివేయొచ్చు.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ పంట తక్కువే, ఒప్పుకోవాలి. యండమూరి 'చీకట్లో సూర్యుడు'లాంటివి వేళ్లమీద లెక్కపెట్టాలి. ఆ లోటు కొంత పూడ్చేది నండూరి రామమోహనరావు. 'విశ్వరూపం', 'నరావతారం' కథలు కావు, శాస్త్ర విషయాలే. కానీ కథల్లా సాగిపోతాయి. వెల్స్‌నో క్లార్క్‌నో చదువుతూ ఏదైనా అర్థంకాకపోతే వీటిని తిరగెయ్యొచ్చు.

పదేళ్ల సమీక్షకుడికి ఒక షిల్లింగు

ఫాంటసీ దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్లకో సందేహం ఉంటుంది. 'ఇవి మాకు పనికొస్తాయా?' అని. ఆ మాట తేల్చాల్సింది వాళ్లు కాదు. 1936లో లండన్‌లో స్టాన్లీ అన్విన్ అనే ప్రచురణకర్త దగ్గరికి ఓ రాతప్రతి వచ్చింది. పిల్లల పుస్తకం బాగుందో లేదో పిల్లలే చెప్పాలని పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చాడు. సమీక్ష రాస్తే ఒక షిల్లింగు కూలి. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి బాగా నచ్చుతుందని, తనేదో పెద్దవాడైనట్టు, రేనర్ రాసిచ్చాడు. ఆ పుస్తకమే టోల్కిన్ 'హాబిట్'. 1937 సెప్టెంబరు 21న మొదటి ముద్రణ 1,500 ప్రతులు. ఆ రేనరే పెద్దయ్యాక 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అచ్చువేయించాడు. అరవై ఏళ్ల తరవాత ఇలాంటిదే ఇంకోటి జరిగింది. డజను మంది కాదన్న ఓ రాతప్రతిని ఎనిమిదేళ్ల పాప చదివి, మిగతా భాగం ఏదని వాళ్ల నాన్నని వేధించింది. నాన్నగారిది ప్రచురణ సంస్థ. 1997లో ఆ హ్యారీపోటర్ మొదటి పుస్తకం అట్ట ప్రతులు వేసింది అయిదువందలే!

కాబట్టి జాబితా ఖరారు చేసే అధికారంలో సగం పిల్లలకివ్వాలి. చదివాక నాలుగు వాక్యాల సమీక్ష రాస్తే షిల్లింగు బదులు పది రూపాయలో, ఓ ఐస్‌క్రీమో. వాక్యాల్లో తప్పులు దిద్దకూడదు, అది మాత్రం ఖచ్చితం.

'హాబిట్' మూడువందల పేజీలు, ఎనిమిది రోజులు. దాని పక్కనే ఉర్సులా లె గ్విన్ 'విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' పెట్టాలి. రెండువందల పేజీలు. 1968లో వచ్చింది. మంత్రవిద్యలు నేర్పే బడి, అక్కడికి చేరిన పేదింటి కుర్రాడు, వాడి పొగరు, ఆ పొగరు తెచ్చిపెట్టిన ప్రమాదం... హాగ్వార్ట్స్‌కి ముప్ఫై ఏళ్ల ముందే అన్నీ ఉన్నాయి. దేన్నైనా లొంగదీసుకోవాలంటే దాని అసలు పేరు తెలియాలి అన్నది ఆ లోకపు మంత్రం. బీజాక్షరాలూ నామజపాలూ ఎరిగిన మన ఇళ్లలో ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. కథానాయకుడు గెడ్ ఒంటిరంగు తెలుపు కాదు, ఇటుకరంగు కలిసిన చామనఛాయ. రచయిత్రి కావాలనే అలా రాసింది. అయినా చాలాకాలం అట్టమీద తెల్లవాణ్నే బొమ్మవేస్తూ వచ్చారు. ఆవిడ దానిమీద చివరిదాకా పోట్లాడుతూనే ఉంది.

అమ్మమ్మలూ తాతయ్యలూ ఈ వారంలో తమ వంతు అందుకోవచ్చు. చందమామ ఇప్పుడు రావట్లేదు. కానీ, దాసరి సుబ్రహ్మణ్యం అందులో రాసిన సీరియళ్లు- తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, భల్లూక మాంత్రికుడు- మరచిపోయిన వాళ్లెవరు? పక్కన చిత్రా బొమ్మలు! నెలకో భాగం చదివి, మళ్లీ ముప్ఫై రోజులు కళ్లల్లో ఒత్తులేసుకుని చూసిన తరం వాళ్లది. ఆ సీరియళ్లు కొన్ని తరవాత పుస్తకాలుగానూ వచ్చాయి. దొరికితే రోజుకి ఒకే ఒక్క భాగం చదివి వినిపించాలి. ఎంత బతిమాలినా రెండోది చదవకూడదు. వెబ్‌సిరీస్‌లు తెల్లవార్లూ చూసేసే పిల్లలకి రేపటిదాకా ఆగడంలోని తీపి ఇలాగే తెలుస్తుంది.

సాహిత్యమంటే ఇష్టమున్న పెద్దలకి ఇంకో పెద్ద విందు ఉంది. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'. పదహారో శతాబ్దపు కావ్యం. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఓ కథ చెబుతాడు. అది ఇంకా జరగని కథ. చెప్పాడు కాబట్టి ఇక జరిగి తీరాలి! భూమ్మీద పాత్రలేమో తమ కథ ఎక్కడో ముందే చెప్పేశారని తెలియకుండా ప్రేమించుకుంటూ, మోసపోతూ, రూపాలు మార్చుకుంటూ తిరుగుతుంటాయి. పద్యాలు కొరుకుడు పడనివాళ్లకి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లిషు అనువాదం 'ద సౌండ్ ఆఫ్ ద కిస్' ఉంది. తెలుగు కావ్యాన్ని తెలుగువాళ్లు ఇంగ్లిషులో చదవాల్సి రావడం కొంచెం చివుక్కుమనిపించినా, అసలు చదవకపోవడంకన్నా మేలే.

వరస తప్పితే రసం పోతుంది

నార్నియా కథలు ఏడు. సి.ఎస్.లూయిస్ 1950లో మొదట వేసింది 'లయన్, విచ్, వార్డ్‌రోబ్'. కానీ, కథాకాలం ప్రకారం ముందు జరిగింది 1955లో వచ్చిన ఆరో పుస్తకం. ఇప్పుడు దొరికే సెట్లమీద ఆ ఆరోదానికే ఒకటో నంబరు ఉంటుంది. అంకెని నమ్మి అదే ముందు చదివితే బీరువా తలుపు వెనక మంచు కురుస్తున్న అడవి కనిపించినప్పుడు కలగాల్సిన ఆశ్చర్యం సగం ఆవిరైపోతుంది. ఓ కుర్రాడు ఇదే సందేహం అడిగితే కథాకాలం వరసే బాగుంటుందని లూయిస్ స్వయంగా జవాబు రాశాడు. అయినా ఈ ఒక్క విషయంలో రచయిత మాట వినక్కర్లేదు!

అసిమోవ్ 'ఫౌండేషన్' సంగతీ అంతే. 1951, 52, 53ల్లో వచ్చిన మూడే ముందు చదవాలి. వాటికి ముందుకథ అంటూ ఆయన 1988లో రాసిన 'ప్రిల్యూడ్' తో మొదలెడితే దాచిన ముళ్లన్నీ ముందే విడిపోతాయి. అసలు ఈ నెలకి 'ఐ, రోబో' చాలు. 1950లో వచ్చిన ఈ పుస్తకంలో తొమ్మిది కథలు. మనిషికి హాని చేయకూడదు, మనిషి మాట వినాలి, తనను తాను కాపాడుకోవాలి- రోబోలకి అసిమోవ్ పెట్టిన మూడు సూత్రాలు. ఒక్కో కథలో ఆ సూత్రాలు ఒకదానితో ఒకటి ఎలా తగువులాడుకుంటాయో చూడటమే వినోదం. రోబో అన్న మాట కూడా కథలోంచి పుట్టిందే. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంలో మొదటిసారి వచ్చింది. మూలపదానికి అర్థం అచ్చంగా మన 'వెట్టిచాకిరీ'.

ఆర్థర్ సి.క్లార్క్ రాసిన 'రాండేవూ విత్ రామా' (1973) కూడా అంతే, మొదటి పుస్తకం ఒక్కటే చదివి ఆగాలి. సూర్యుడి వైపు దూసుకొస్తున్న యాభై కిలోమీటర్ల పొడవైన స్తూపానికి రాముడి పేరెందుకొచ్చిందంటే, ఖగోళ శాస్త్రవేత్తల దగ్గర గ్రీకు, రోమన్ దేవుళ్ల పేర్లు అయిపోయాయట! జీవితంలో సగానికి పైగా శ్రీలంకలో గడిపిన మనిషి ఆలోచన మరి. డీటీహెచ్ డిష్షులు చూసే ఉపగ్రహాలు ఎంత ఎత్తులో ఉంటే భూమ్మీంచి కదలకుండా కనిపిస్తాయో, వాటితో ప్రపంచమంతటికీ ఎలా ప్రసారాలు చేయొచ్చో 1945లోనే వ్యాసం రాసింది ఈయనే.

కరెంటు పోయిన రాత్రి

కొన్ని పుస్తకాలు మాత్రం పెద్దవాళ్లు ముందు చదివి, ఆ తరవాతే పిల్లల చేతికివ్వాలి. లియు సిషిన్ రాసిన చైనా నవల 'త్రీ బాడీ ప్రాబ్లమ్' అలాంటిది. విద్యుత్ కేంద్రంలో ఇంజినీరుగా పనిచేస్తూ రాశాడాయన. ఇంగ్లిషులోకి వచ్చిన మరుసటేడు, 2015లో హ్యూగో అవార్డు గెలిచింది. ఆసియా నవలకి ఆ గౌరవం అదే మొదలు. కానీ, సాంస్కృతిక విప్లవం నాటి హింసతో మొదలవుతుంది. పదిహేనేళ్ల లోపువాళ్లకి వద్దు.

'ఫ్రాంకెన్‌స్టైన్' పేరు వినే భయపడతారుగానీ అందులో రక్తపాతంకన్నా దుఃఖం ఎక్కువ. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేసి, మరుసటి ఏడాది యూరప్‌కి వేసవే లేకుండా చేసింది. జెనీవా సరస్సు ఒడ్డున వానలకి ఇంట్లో చిక్కుబడిపోయిన కొందరు మిత్రులు కాలక్షేపానికి తలో దెయ్యం కథా రాయాలని పందెం వేసుకున్నారు. అందులో మహామహుడైన బైరన్ ఉన్నాడు, షెల్లీ ఉన్నాడు. నిలబడిన కథ రాసింది పద్దెనిమిదేళ్ల మేరీ. పుస్తకం 1818 జనవరి 1న ఆమె పేరు లేకుండానే వచ్చింది. ఇంతకీ ఫ్రాంకెన్‌స్టైన్ అంటే భూతం కాదు, దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త. భూతానికి పేరే పెట్టలేదు. పేరు కూడా పెట్టకుండా వదిలేసి పారిపోయాడన్నదే దాని ఏడుపు.

వేసవిలో గాలిదుమారమొచ్చి కరెంటు పోతే విసుక్కోవద్దు. అసిమోవ్ 1941లో రాసిన 'నైట్‌ఫాల్' కథ అలాంటి రాత్రికోసం ఆపి ఉంచాలి. ఆరు సూర్యులున్న ఓ గ్రహం. అక్కడివాళ్లకి చీకటంటే తెలీదు. రెండువేల ఏళ్లకోసారి అన్నీ కనుమరుగయ్యే రాత్రి రాబోతోంది... టార్చిలైటు వెలుగులో ఎవరైనా చదువుతుంటే మిగతావాళ్లు మేడమీద పడుకుని వినాలి. ఆఖరి పేరా అయ్యాక టార్చి ఆర్పి, ఓసారి పైకి చూడాలి.

పుస్తకాలెక్కడ అంటారా? వెల్స్, వెర్న్, మేరీ షెల్లీ పాత రచనలు ప్రాజెక్ట్ గుటెన్‌బెర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి. మిగతావాటికి జిల్లా గ్రంథాలయం, ఆదివారాల్లో హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్, చుట్టాలింట్లో అటకమీది పెట్టె. అన్నీ ఏప్రిల్‌లోనే పోగేసుకోవాలి. చేతిలో పుస్తకం లేక ఆగిన రెండు రోజులే మొత్తం ప్రణాళికని మింగేస్తాయి.

మే 31న మాత్రం ఏ పుస్తకమూ పెట్టుకోకూడదు. రే బ్రాడ్‌బరీ 1953లో 'ఫారెన్‌హీట్ 451' రాశాడు. పుస్తకాలు కనిపిస్తే తగలబెట్టే రోజుల కథ అది. దాన్ని మొదట లాస్ ఏంజెలిస్‌లోని ఓ యూనివర్సిటీ లైబ్రరీ నేలమాళిగలో, అరగంటకి పది సెంట్ల చొప్పున అద్దె టైప్‌రైటర్ మీద టైపు చేశాడు. తొమ్మిది రోజులు, తొమ్మిది డాలర్ల ఎనభై సెంట్లు. అందులో ఊరికి దూరంగా, రైలు పట్టాల పక్కన కొందరు మనుషులుంటారు. తలో పుస్తకాన్నీ కంఠతా పట్టి, అదే తమ పేరన్నట్టు బతుకుతుంటారు. ఆ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరూ అలాగే కూర్చోవాలి. నెలలో తమకి బాగా నచ్చినదాన్ని, పుస్తకం తెరవకుండా, ఒక్కొక్కరే చెప్పాలి. చిన్నవాళ్లకే మొదటి అవకాశం. మధ్యలో మరచిపోతే పక్కవాళ్లు అందుకోవచ్చు, తప్పు చెప్పినా ఎవరూ ఆపకూడదు. తాతయ్య వంతు వచ్చేసరికి బహుశా అర్ధరాత్రి దాటుతుంది.

లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేయాల్సిన తేదీ మాత్రం కేలండర్ మీద ముందే రాసిపెట్టుకోవాలి.